ఊదకు వేషం నేర్పిన చేతులు

ఎల్లారెడ్డిలో మా పక్కింటి అవ్వ మొన్న సోమవారం పోయింది. కామారెడ్డి కాలేజీలో వృక్షశాస్త్రం పాఠం చెప్పి వస్తుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అవ్వ నలభై ఏళ్లు వరిలో కలుపు తీసింది. పదిమంది ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. నాకు గురువు కూడా.

ఒక వానాకాలం ఆదివారం సరదాకి ఆమెతో పొలానికి పోయాను. మధ్యాహ్నం దాకా పీకినా మడిలో ఊద అనే కలుపు గడ్డి మిగిలిందని ఆసామి మండిపడ్డాడు. "కండ్లు కనవడ్తలేవా? రేపటిసంది వేరేటోళ్లను పిలుస్త" అన్నాడు. అందరూ బిక్కచచ్చిపోయారు. అవ్వ రెండు మొక్కలు పెరికి ఆయన చేతిలో పెట్టింది.

"గిండ్ల వరి ఏదో చెప్పు పటేలా."

ఆయన చూపించింది ఊదను. ఆడవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వక తప్పలేదు, గుంపుకు పని నిలబడింది.

ఆకు కాడను అంటిన చోట వరికి సన్నని పొర ఉంటుంది, ఊదకు ఉండదు. అవ్వ అది వేళ్లతోనే పట్టేది. "గింత ఒక్కతీరు ఎట్లయినయి అవ్వా?" అని అడిగాను.

"మనమే జేసినం బిడ్డా. వేరే తీరుగున్నదాన్నల్ల పీకితిమి. వరి లెక్కున్నది కండ్లు గప్పి మిగిలింది, గింజలేసింది. దాని పిల్లలు దాని లెక్కనే పుట్టినయి. మా అవ్వలు, వాళ్ల అవ్వలు గిదే పనిజేసిరి."

బురదలో నిలబడ్డచోటే ఒక ఊద మొక్క పెరికి తిప్పి తిప్పి చూశాను. పరిసరాలకు తగ్గవే మిగులుతాయనే ప్రకృతి వరణం పాఠంలో ఏళ్లుగా దూరదేశపు పిట్టల ముక్కుల గురించి చెప్తున్నాను. ఇక్కడ, మా మడిలో, ఆ గడ్డి జన్యువుల్లో ఏవి మిగలాలో తేల్చింది ఎన్నో తరాల ఆడవాళ్ల వేళ్లు!

తర్వాత కలుపు మందులొచ్చి గుంపుకు పని తగ్గింది. ఒకరోజు అవ్వ, మందు కొట్టిన మడిలో పచ్చగా నిలిచిన నాలుగు ఊద దుబ్బులు చూపించింది. "మందుకు గివి చావలేదు. వచ్చేయేడు గీటి పిల్లలే ఉంటయి చూడు" అంది, పందెం గెలిచినంత హుషారుగా. ఆమె అన్నట్టే మరుసటి ఏడు ఇంకెన్నో దుబ్బులు లేచాయి.

పోయిన వానాకాలం ఆమెను మా కాలేజీకి తీసుకుపోయాను. తడిగుడ్డలో ఊద, వరి చుట్టుకొచ్చింది. పిల్లలు కళ్లు మూసుకొని తడిమి చూశారు. ఒకమ్మాయి సరిగ్గా చెప్పగానే, "నాతోని కలుపుదీయ వస్తవా?" అంది అవ్వ. క్లాసంతా నవ్వు.

తిరిగి బస్సుకు బయల్దేరితే, గేటు దగ్గరి గడ్డిలో గొంతుక్కూర్చుంది. "గిండ్ల గూడ ఏదో దాగి ఉంటది" అంది. కాసేపటికి ఆమెకు ఇరువైపులా ముప్పైమంది పిల్లలు, వీపున సంచులతోనే, వరుసగా కూర్చొని గడ్డిపోచలు ఒక్కొక్కటే విప్పి చూస్తున్నారు.