మూడో పిలుపు

కూర్మనాథం కీబోర్డు ముట్టి ఆరేళ్లయింది. ఇప్పుడు కార్ఖానాలో జీడిపిక్కలు కాల్చడం, ఇంటికి పోవడం, అంతే. కంచిలి దగ్గరి రైతుబిడ్డ. పదిమందిలో నోరు విప్పడానికి సిగ్గుపడేవాడు గానీ, ఒకప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో అతని వేళ్లకి ముసలాళ్లు కూడా కాళ్లు కదిపేవారు.

అతని జోడీ ఢిల్లీబాబు, తీరంలో చేపలవేట కుటుంబం వాడు. వల లాగేటప్పుడు ముందు కేక అతనిదే. కాశీబుగ్గలో నా క్యాసెట్ల కొట్టు వెనక గదిలో, 2002లో, ఇద్దరూ కలిసి గంతుల పాటల క్యాసెట్టు చేశారు. చప్పుడు బయటికి పోకుండా గోడలకి బొంతలు కట్టాం. డప్పు, బూరా అన్నీ కీబోర్డులో కూర్మనాథమే పలికించాడు. గొంతు ఒక్కటే ఢిల్లీబాబుది.

ఏడు పాటల్లో ఆరింటి సంగతి నాకే గుర్తు లేదు. ఏడోదాంట్లో ఢిల్లీబాబు వలతాడు లాగే వరసలో పెళ్లాన్ని పిలుస్తాడు, "ఓ నూకమ్మా" అని. పాడినప్పుడు మూడుసార్లు పిలిచాడు. మూడోది దరువుకి అడ్డొస్తోందని కూర్మనాథం తీసేశాడు.

ఢిల్లీబాబుకి అది నచ్చలేదు. వాళ్ల పల్లెలో కంటికి కనబడని మనిషి పిలిస్తే రెండుసార్ల దాకా ఎవరూ పలకరు. పలికితే ఏ గాలో వెంటపడుతుందని భయం. మూడోసారి పిలిచినవాడే మన మనిషి. అప్పుడు పలక్కపోతే పిలిచినవాడు అక్కణ్ణించి కదలడంటారు.

"మూడోది లేకపోతే నూకమ్మ పలకదు మావా," అన్నాడు.

గంతులేసేవాళ్లు లెక్కపెట్టుకోరులెమ్మని కూర్మనాథం నవ్వేశాడు. మర్నాడే మూడు పిలుపులూ ఉన్న అసలు టేపు మీద ఏదో పెళ్లి బాణీ ఎక్కించాడు. వాడిన టేపు మీదే మళ్లీ రికార్డు చేయడం మా అలవాటు. నేనూ అడ్డు చెప్పలేదు.

క్యాసెట్టు వచ్చిన నెలకి ఢిల్లీబాబు తెప్ప తిరగబడింది. ఇద్దరు ఈదుకొచ్చారు. అతను రాలేదు, శవమూ రాలేదు.

పాట మాత్రం ఆగలేదు. టెక్కలి నుంచి కంచిలి దాకా ఆటోల్లో అదే, ట్రాక్టర్ల మీద అదే, జీడిపప్పు ఒలిచే షెడ్లలో అదే. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు గర్వంగానే ఉండేది. పలాస సంతలో నూకమ్మని చూసేదాకా.

ఆవిడ నెత్తిమీద చేపల తట్ట ఉంది. పక్కన ఆగిన ఆటోలోంచి మొగుడు రెండుసార్లు పిలిచాడు. ఆవిడ నిలబడిపోయి, నోరు కొద్దిగా తెరిచి, మూడో పిలుపు కోసం చూసింది. దరువు మొదలైంది. తట్ట సర్దుకుని నడిచింది. ఇంకో ఆటో వస్తే మళ్లీ ఆగింది.

ఏడాది తిరక్కుండా మనిషి చిక్కి సగమైంది. ఒకరోజు చేపల తట్టతోనే కొట్టుకొచ్చింది. కూర్మనాథం అక్కడే ఉన్నాడు.

"మూడుసార్లు పిలిసినానని నాతో సెప్పినాడన్నా. ఆ మూడోది ఇనిపించు. ఒక్కసారి పలుకుతాను, ఆడెల్లిపోతాడు."

కూర్మనాథం ముఖాన నెత్తురు లేదు. ఉందన్నాడు. కూర్చోమన్నాడు. అతని కీబోర్డులో ఢిల్లీబాబు మొదటి పిలుపు పట్టి ఉంచిన మీట ఒకటుంది. వెనక గదిలోకి వెళ్లి పాట పెట్టి, రెండు పిలుపులు కాగానే పాట ఆపి ఆ మీట నొక్కాడు. ఢిల్లీబాబు మూడోసారి పిలిచాడు. వెధవపని అని తెలిసి కూడా, పలికెయ్యి తల్లీ అని లోపల మొక్కుకున్నాను.

నూకమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇది మొదటిదే. మూడోసారి ఆడు కసిరినట్టు పిలుత్తాడు."

కూర్మనాథం బయటికొచ్చి ఆవిడ ముందు నేలమీద కూలబడ్డాడు. మూడోది తనే చెరిపేశానన్నాడు. ఢిల్లీబాబు బదులు తను పిలుస్తానని, తనకి పలకమని బతిమాలాడు. అతను ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆవిడకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"నీకు పలికితే ఆడికి పలికినట్టవదు కదన్నా," అంది. "అయితే ఇంక ఆడు పిలుత్తానే ఉంటాడు," అంది.

తట్ట ఎత్తడానికి సాయం పట్టమంది. మా ఇద్దరికీ చేతులాడలేదు.