పిల్లి నుంచి ట్రాక్టరు దాకా

ఫోను వైబ్రేషన్‌లో గుర్రుమన్నప్పుడల్లా నాకు ఆళ్లగడ్డ బడిలో మా ఇంగ్లీషు సారు గుర్తొస్తాడు. శబ్దాల పదాలంటే ఆయనకు మహా పిచ్చి. ఈగది బజ్, ఒళ్లో పడుకున్న పిల్లిది పర్, దూరంగా పొలం దున్నే ట్రాక్టరుది డ్రోన్. ఒక్కోదాన్నీ కళ్లు మూసుకుని, బుగ్గలు అదిరేలా చేసి చూపించేవాడు.

రోజూ నంద్యాల నుంచి మొదటి బస్సుకే వచ్చేవాడు. అందుకని మధ్యాహ్నం మాకు రాతపని ఇచ్చి కుర్చీలోనే కునుకు తీసేవాడు.

"నా గురక పర్ అంటాంటే పండుకోనీండి. డ్రోన్ అయితే లేపండప్పా, హెడ్మాస్టరుకు ఇనపడుతాది" అని మాకు డ్యూటీ వేశాడు.

ఒకరోజు తనిఖీకొచ్చిన అధికారి నేరుగా మా గదిలోకే వచ్చాడు. గురక పెడుతున్న సారును చూసి మొహం ఎర్రగా చేసుకుని, "ఏందమ్మా ఇది?" అని ముందు బెంచీలోని మాబున్నిని అడిగాడు.

మాబున్ని నోటిమీద వేలు పెట్టుకుంది. "మెల్లగ సార్. మా సారు ఇంకా పర్‌లోనే ఉండాడు. డ్రోన్ అయితే మేమే లేపుతాం."

డ్రోన్ అన్న మాట చెవిన పడగానే సారు దిగ్గున లేచాడు. ఎదురుగా అధికారి. చొక్కా సర్దుకుని, తొణక్కుండా అన్నాడు:

"చూసినారు గదా సార్, పాఠం పిల్లోళ్లకు ఎంత బాగా ఎక్కిందో!"