మూడు రోజుల బ్యాటరీ

ఆ రోజుల్లో నా చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఉండేది. మస్కట్‌లో రూవీ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళలో సగం మందికి దాని గురించి నేను ఉపన్యాసాలిచ్చాను. మిగతా సగం మంది నన్ను దూరం నుంచే చూసి పక్క సందులోకి తిరిగేవారు. అది రెండువేల పద్నాలుగు. వాటి అమ్మకం మీద అక్కడ ఇంకా కట్టడి రాలేదు. హమ్రియా మొబైల్ షాపుల్లో ఫోన్ కవర్ల పక్కనే వేలాడుతుండేవి. ఎవరు ఏ సందేహంతో వచ్చినా నేను చెప్పేది ఒకటే, రంగూ రుచీ తర్వాత, ముందు బ్యాటరీ చూసుకోండి అని.

బ్యాటరీ నాకంత ముఖ్యం ఎందుకయిందో చెప్పాలి. మా ఆవిడ నర్సు. గోదావరి జిల్లా నుంచి ఆవిడ ఉద్యోగం మీద మస్కట్ వచ్చాం. తర్వాత నేను రుసైల్లో ఒక రంగుల కంపెనీ గోడౌన్‌లో సూపర్‌వైజరుగా చేరాను. సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగు చర్చి సంఘం ఆరాధన కూడా శుక్రవారమే. నెలలో మొదటి శుక్రవారం బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. పొగతాగేవాళ్ళకి మా సంఘంలో బల్ల ఇవ్వరు. పళ్ళెం వరసలో నా దాకా వచ్చేది, నేను చేతులు కట్టుకుని కూర్చుంటే పక్కాయన నా ఒళ్ళో మోచెయ్యి పెట్టి మరీ దాన్ని అందుకునేవాడు.

మా సంఘంలో ఆడవాళ్ళు చాలామంది నర్సులు, అందులోనూ ఎక్కువమంది ఒకటే ఆస్పత్రి. శుక్రవారం పళ్ళెం ఎవరిని దాటిందో మర్నాడు డ్యూటీలో టీ దగ్గర మాటల్లోకి వచ్చేస్తుంది. మా ఆవిడ ఇంటికొచ్చి నన్ను పల్లెత్తు మాట అనేది కాదు. తిట్టినా బాగుండేది. ఏమీ అనకుండా చారు పోస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు.

చివరికి ఒక శుక్రవారం నేనే వెళ్ళి పాస్టరుగారి ముందు, ఇద్దరు సంఘపెద్దల ముందు నిలబడ్డాను. సిగరెట్టు మానేస్తున్నానని, దాని బదులు ఇది పీలుస్తానని చెప్పి కొత్తగా కొన్న మెషీను చూపించాను.

“ఇందులో నిప్పుందా బ్రదర్?” అన్నారు పాస్టరుగారు.

“లేదండి. పొగ కూడా కాదండి, ఆవిరి.”

“ఆవిరైతే ఇడ్లీపాత్రలో కూడా ఉంటాది గదండీ అయ్యగారూ,” అన్నాడు ఒక పెద్ద. ఆయన నా మీద జాలిపడే మనిషి. “ఇడ్లీ తిన్నోడికి బల్ల ఆపుతామా?”

రెండో పెద్ద దాన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “మామిడిపండు వాసనొత్తందండి,” అన్నాడు. ఇంకోసారి వాసన చూశాడు. మూడోసారి కూడా చూడబోతుంటే పాస్టరుగారు అందుకున్నారు.

“దీని గురించి నాకు బైబిల్లో వాక్యం ఎక్కడా దొరకడం లేదు బ్రదర్,” అన్నారాయన చాలాసేపు ఆలోచించి. “మూడు నెలలు సిగరెట్టు వెలిగించకుండా ఉండండి. బల్ల ఇస్తాం. మధ్యలో ఒక్కటి వెలిగించినా మళ్ళీ మొదటికే.”

ఇంటికొచ్చాక మా ఆవిడ తన తీర్పు తను చెప్పింది. “పాస్టరుగారు ఏమన్నా అననివ్వండి, నా దృష్టిలో అదీ సిగరెట్టే. దాన్ని నేను చేత్తో ముట్టను. నా గిన్నెల దగ్గర మాత్రం పెట్టకండి.”

సమస్య ఎక్కడొచ్చిందంటే, ఆ మొదటి మెషీను మధ్యాహ్న భోజనాల వేళకి చచ్చిపోయేది. మా గోడౌన్ నిండా ఇట్టే అంటుకునే థిన్నర్ డ్రమ్ములు. అక్కడ ఛార్జింగు అన్న మాట ఎత్తితేనే సేఫ్టీ ఆఫీసరు విజిల్ ఊదేవాడు. ఫోన్లూ మెషీన్లూ అన్నీ గేటు దగ్గర లాకర్లో పెట్టేసి లోపలికి వెళ్ళాలి. టీ టైములో గేటు పక్క పొగతాగే షెడ్డుకి వచ్చి పీల్చుకోవాలి. మధ్యాహ్నానికి నా చేతిలో చచ్చిన మెషీను, చుట్టూ హాయిగా అసలు సిగరెట్లు కాలుస్తున్న జనం. ఒకరోజు తట్టుకోలేక ఒకటి వెలిగించాను. ఆ సాయంత్రం మా ఆవిడకి చెప్పాను, శుక్రవారం పాస్టరుగారికీ చెప్పాను. లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. మా ఆవిడ “సరే లెండి,” అని వెనక్కి తిరిగి తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

ఇక పట్టుదలతో బ్యాటరీ వేటలో పడ్డాను. హమ్రియాలో షాపు పెట్టుకున్న ఒక మలయాళీ దగ్గర రోజూ సాయంత్రం డ్యూటీ అయ్యాక హాజరు వేయించుకునేవాణ్ణి. ఆయన ఒక్కో మెషీను తీసి గాజు బల్ల మీద పెడుతుంటే నేను పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా ప్రశ్నలు వేసేవాణ్ణి. ఎన్ని గంటలు వస్తుంది, ఎండలో కూడా అంతే వస్తుందా, రుసైల్ ఎండ వేరు కదా. ఆయన ఒకరోజు టార్చిలైటంత మెషీను తీశాడు. అది జేబులో పెట్టుకుంటే చొక్కా ఒక పక్కకి జారి రెండో భుజం బయటపడింది. గోడౌన్‌లో అందరూ చొక్కా సర్దుకోమని చెప్పేలా ఉంది. వద్దన్నాను.

ఇంకోటి నాజూకుగా, వెండిరంగులో ఉంది. ఒక్క దమ్ము పీల్చేసరికి షాపంతా మబ్బు పట్టి, లోపలున్న కస్టమర్లు దగ్గుకుంటూ బయటికి నడిచారు. షాపాయనకి నా మీద ఓపిక పూర్తిగా పోయింది. బల్ల కింద నుంచి లావుపాటి నల్ల మెషీను ఒకటి తీసి నా చేతిలో కుక్కాడు.

“తీన్ దిన్ చలేగా సాబ్. తీన్ దిన్! అబ్ ఘర్ జావో.”

మూడు రోజులు వస్తుందట. ఇక ఇంటికి పొమ్మన్నాడు. నేను ఆ మాటలో మొదటి సగమే విన్నాను.

ఆ మెషీను నా పరువు నిలబెట్టింది. మొదటి రాత్రి ఛార్జింగు పెట్టడం మర్చిపోయి పడుకున్నాను. మర్నాడు బెదురుతూ గేటు దగ్గర నొక్కి చూస్తే శుభ్రంగా వెలిగింది. సాయంత్రం దాకా నడిచింది. ఎంతవరకు వస్తుందో చూద్దామని ఆ రాత్రీ పెట్టలేదు. ఆ మర్నాడూ నడిచింది. మూడు రోజులు దాటింది, వారం దాటింది. ఛార్జరు ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయాను. మూడు రోజులన్న ఆ షాపాయన అమాయకుడనిపించింది. తన దగ్గరున్న సరుకు విలువ తనకే తెలియదని జాలిపడ్డాను.

అప్పుడు మొదలయ్యాయి నా ఉపన్యాసాలు. “అంతా పీల్చే పద్ధతిలో ఉంది,” అనేవాణ్ణి. “గబగబా లాగకూడదు. మెల్లగా, మర్యాదగా లాగాలి. బ్యాటరీకి కూడా ప్రాణం ఉంటుంది.” సంఘంలో సిగరెట్టు మానాలనుకుంటున్న ముగ్గురు తమ్ముళ్ళు నా మాట నమ్మి, అదే షాపులో అదే నల్ల మెషీను కొన్నారు. ఛార్జరు అసలు డబ్బాలోంచి బయటికే తియ్యొద్దని నేనే చెప్పాను.

మరుసటి శుక్రవారం ఆరాధన అవగానే ముగ్గురూ నన్ను మెట్ల దగ్గర అడ్డగించారు.

“ఏంటన్నా మీరు చెప్పింది? రెండో రోజు పొద్దున్నకే ఆరిపోయింది.”

“గట్టిగా లాగుంటావు.”

“మీరు చెప్పినట్టే మర్యాదగానే లాగానన్నా. అదే మర్యాద లేకుండా ఆరిపోయింది.”

నేను నా మెషీను తీసి వాళ్ళ ముఖాల ముందు నొక్కి చూపించాను. నెల రోజులు కావస్తున్నా ఛార్జింగు ఎరగని మెషీను నిండుగా వెలిగింది. ముగ్గురూ దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. వాళ్ళలో ఒకడు, నా మీద గౌరవమో ఏమో, “మీ చేతిలో ఏదో ఉందన్నా,” అన్నాడు. మా ఆవిడ కాస్త దూరంలో నిలబడి చెప్పుల బకిలు పెట్టుకుంటోంది. చాలాసేపు పెట్టుకుంది.

అలా మూడు నెలలూ నిండవచ్చాయి. వచ్చే శుక్రవారమే బల్ల. సరిగ్గా ఆ వారమే మా ఆవిడని ఏదో ట్రైనింగుకని సూర్ అనే ఊళ్ళో ఆస్పత్రికి పంపారు. శనివారం సాయంత్రం వెళ్ళింది, గురువారానికి వస్తానంది. ఫ్రిజ్‌లో పప్పు ఎక్కడుందో, పులుసు ఎక్కడుందో చెప్పింది. ఇంకేదో చెప్పబోయింది కానీ కింద బండివాడు హారన్ కొట్టాడు.

ఆదివారం బాగానే గడిచింది. సోమవారం పొద్దున టీ టైములో షెడ్డులో నిలబడి నొక్కితే మెషీను రెండుసార్లు కన్నుకొట్టి ఆరిపోయింది. దులిపాను. ఊదాను. ఎండలో కూడా పెట్టాను. ఫలితం లేదు. నా ముఖం చూసి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పఠాన్ పెద్దాయన తన పెట్టెలోంచి ఒక సిగరెట్టు తీసి “లో భాయ్, పీ లో,” అని నా వేళ్ళ మధ్య పెట్టాడు. ఆయన మంచితనంతోనే ఇచ్చాడు. లైటరు కూడా ముందుకు చాపాడు. నాలుగు రోజుల్లో బల్ల. ఒక్కటి వెలిగిస్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. పాస్టరుగారికి తెలియదు, మా ఆవిడ సూర్‌లో ఉంది. నాకు నిజంగా భయం వేసింది. ఆయన్ని ఒక్క నిమిషం ఆగమని, ఇంకో చేత్తో లాకర్లోంచి ఫోను తీసి మా ఆవిడకి కొట్టాను. కనీసం ఆ షాపాయన్ని తిట్టుకోవడానికైనా ఒక మనిషి కావాలి.

“మోసం చేశాడే వాడు. మంచి బ్యాటరీ అని అంటగట్టాడు. ఉన్నట్టుండి చచ్చిపోయింది.”

“ఛార్జింగు పెట్టుకోలేదాండీ?”

“దానికి ఛార్జింగెందుకు? ఇన్నాళ్ళూ ఎప్పుడైనా పెట్టానా?”

అవతల ఎవరో ఆవిడని టీకి పిలుస్తున్నారు.

“మీరు పెట్టలేదండి,” అంది. “నేను పెట్టాను.”

“ఎప్పుడు?”

“రోజూనండి. తెల్లారగట్ల ప్రార్థనకి లెగుత్తాను గదా. దాన్ని పెట్టేసి మోకరించేదాన్ని. మీకు క్యారేజీ కట్టేటప్పటికి పచ్చలైటొచ్చేసేది. తీసి మళ్ళీ మీ జేబులో పెట్టేసేదాన్ని.”

ఏమడగాలో తెలియక అడిగాను. “చేత్తో ముట్టనన్నావు కదా?”

“ముట్టలేదండి. ముసుగేసుకున్న చున్నీ కొసతో పట్టుకునేదాన్ని.”

“మరి నాకో ముక్క చెప్పొచ్చు కదే! ఊరందరికీ చెప్పుకున్నాను, నా పీల్చే పద్ధతి అదీ ఇదీ అని.”

“ఎలా చెప్పనండీ? ఆ బ్యాటరీ గురించి చెప్పేటప్పుడు మీరు ఎంత సంతోషంగా ఉండేవారు. అది ఆరిపోతే మళ్ళీ సిగరెట్టు దగ్గరికి ఎల్లిపోతారని నా భయం. శనివారం చెబుదామనుకునేలోగా బండొచ్చేసింది.” ఆవిడ గొంతు తగ్గించింది. “మీరు ఇప్పుడేమీ వెలిగించలేదు గదా?”

నా వేళ్ళ మధ్య సిగరెట్టు చూసుకున్నాను. “లేదు,” అన్నాను. నిజమే చెప్పాను. సిగరెట్టు పఠాన్ పెద్దాయన పెట్టెలోనే మళ్ళీ దూర్చి, ఆయన లైటరు ఆయన చేత్తోనే మూయించాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ రోజు సాయంత్రం దాకా నేను పడిన అవస్థ డ్రమ్ములకి తెలుసు. మా లోడింగువాళ్ళు నా తిట్లు విని పని రెండింతలు చేశారు. ఇంటికి వెళ్ళి ఛార్జరు కోసం ఇల్లంతా వెతికితే అది ఆవిడ ప్రార్థన చేసుకునే చాప పక్కనే, గోడకి పెట్టి ఉంది. అక్కడ కూర్చుని పచ్చలైటు వచ్చేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ మీద ప్రేమతో నాకు ఏడుపొచ్చింది, నా ఉపన్యాసాలు తలచుకుంటే నవ్వూ వచ్చింది.

శుక్రవారం పళ్ళెం నా దగ్గర ఆగింది. రొట్టె తీసుకున్నాను. పక్కాయన మోచెయ్యి అలవాటుగా నా ఒళ్ళోకి వచ్చి, పొరపాటు తెలుసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంటికి నడుస్తూ మా ఆవిడని అడిగాను, ఇన్ని రోజులూ తెల్లవారుజామున మోకరించి నా కోసం దేవుణ్ణి ఏం అడిగేదానివి అని. నా మనసు మార్చమనో, నా ఊపిరితిత్తుల్ని కాపాడమనో అంటుందనుకున్నాను.

“కరెంటు పోకూడదని అడిగేదాన్నండి,” అంది.

“ఇక్కడ కరెంటు ఎప్పుడు పోయిందే?”

“పోలేదు గదా మరి!” అంది.