గవర్నరు గారి అన్నయ్య

ఆయన హైకోర్టు జడ్జి అయినందుకు ఇంట్లో నష్టపోయింది అన్నయ్య ఒక్కడే. అన్నయ్య అదే కోర్టులో వకీలు. తమ్ముడి కోర్టులో అన్న తిరుగుతుంటే జనం నోళ్ళు ఊరుకోవు. ఎవరూ అడగకముందే గౌను మడతపెట్టి కింది కోర్టుకు వెళ్ళిపోయాడు. అక్కడ అద్దె తగాదాలు, పిట్టగోడ తగాదాలు.

"నీ పేరుకు మచ్చ పడకూడదురా," అన్నాడు. "నాదేముంది, ఎంత పడ్డా నల్లకోటు మీద కనబడదు."

తమ్ముడూ అలాగే కట్టుబడ్డాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళలేదు. ఎవరింట్లోనూ కాఫీ తాగలేదు. అన్నయ్య వరండాలో ఎప్పుడూ ఎవరో ఒక కక్షిదారు ఉంటాడని అక్కడికీ రాకపోకలు మానేశాడు. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుందామనుకున్నారు ఇద్దరూ.

ఉద్యోగం చివరి రోజుల్లో ఒక పెద్ద కేసు ప్రభుత్వం నెగ్గింది. తీర్పు ఆయనదే. రిటైరై ఇంకా పుస్తకాలు సర్దుకుంటూ ఉండగానే గవర్నరు పదవి వచ్చింది.

అన్నయ్య ఫోను చేశాడు. "వద్దని చెప్పెయ్."

"తీర్పు సరైనదే అన్నయ్యా."

"చదివాను. సరైనదే. అందుకేరా వద్దంటున్నా. రేపట్నుంచి ఎవడు నమ్ముతాడు?"

ఆయన వెళ్ళాడు. గవర్నరు బంగళాలో ఎత్తైన కప్పులు, ఎవరూ కూర్చోని సోఫాలు. ఎవరో రాసిచ్చిన ప్రసంగాలు చదివాడు. మంత్రులు పంపిన కాగితాల మీద సంతకాలు పెట్టాడు. అన్నయ్య మళ్ళీ ఫోను చేయలేదు.

అన్నయ్యకు ఊపిరితిత్తులు పాడయ్యాయని వదిన కబురు పెట్టింది. పోలీసులు ముందే వెళ్ళి ఆసుపత్రి వరండా ఖాళీ చేయించారు. వదిననూ బయటికి పంపేశారు. ఆయనే వెనక్కి వెళ్ళి ఆమెను లోపలికి తీసుకొచ్చాడు.

"ఏరా గవర్నరూ," అన్నాడు అన్నయ్య మాస్కు పక్కకు లాగి. "ఒక్కటే అడుగుతా. ఆ తీర్పు రాసేటప్పుడు, ఇలాంటి పదవేదో వస్తుందని మనసులో మెదిలిందా?"

లేదు. కానీ ఆయన వెంటనే అనలేదు. ఆ రోజులన్నీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఆలోచించకుండా జవాబు చెప్పడం ఆయనకు చేతకాదు.

"లేదు అన్నయ్యా."

బోనులో నిలబడ్డవాడు ఎక్కడ ఆగాడో చూసి కేసులు నెగ్గినవాడు అన్నయ్య. "సరేలే," అని మాస్కు పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

"నిజంగానే లేదు అన్నయ్యా."

"అలిసిపోయారు," అంది వదిన. "రేపు మాట్లాడుదువుగాని బాబూ."

తెల్లారేసరికి అన్నయ్య లేడు.

పదవీకాలం ఇంకా చాలా మిగిలింది. ఆ బంగళాలో ఆయన్ను ఏదైనా అడిగేవాళ్ళే తక్కువ. అడిగితే మాత్రం చటుక్కున జవాబు చెప్పేవాడు. ఒక్కోసారి ప్రశ్న పూర్తికాకముందే.