మోత చూసి కొన్న జనరేటరు

పెళ్ళి చెడగొట్టుకోవడానికి లోకంలో చాలా మార్గాలున్నాయి. కొందరు తాగి చెడగొట్టుకుంటారు, కొందరు నోరు జారి చెడగొట్టుకుంటారు. జనరేటరు కొని చెడగొట్టుకోబోయినవాడిని మాత్రం, నాకు తెలిసి, అనంతపురం జిల్లా మొత్తంలో నేనొక్కడినే. ఎట్లాగో చెబుతాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు ఊరంతా నవ్వింది, మీరొక్కరు ఎక్కువ కాదు.

నాకప్పుడు ఒక పాత వ్యాను ఉండేది. పైన రెండు లౌడుస్పీకర్లు కట్టి, మైకుబండి అని పేరు పెట్టి సంతలకూ జాతరలకూ తిప్పేవాడిని. మైకు ఆ బండి బ్యాటరీ మీదే ఆడేది. కాసేపు ప్రకటన చెబితే బ్యాటరీ పడుకునేది. శింగనమల దగ్గర ఒకసారి గొర్రెల బేరానికి ప్రకటన చెప్పి, గొర్రెలు కొనడానికి వచ్చినవాళ్ళ చేతే బండి తోయించుకున్నాను. ఇక లాభం లేదు, బండిలోనే ఎప్పటికీ ఉండిపోయే చిన్న జనరేటరు ఒకటి కొనాలి అనుకుంటుండగా, మా మామ యాడికి మండలంలోని తన ఊళ్ళో సర్పంచి పదవికి నిలబడ్డాడు.

మామ అంటే మా అమ్మకు అన్న. ఆయన కూతురు నాగవేణి. దాచడమెందుకు, నాగవేణి అంటే నాకు ప్రాణం. మామ మనసు మాత్రం గోరంట్ల వైపు లాగుతుండేది. అక్కడినుంచి బోరు లారీ ఉన్న సంబంధం ఒకటి వచ్చింది. నీళ్ళు లేని నేల మీద బోరు లారీ ఉన్నవాడి ముందు మైకుబండి వాడు ఏపాటి?

"ఏమప్పా అల్లుడూ," అన్నాడు మామ. "ప్రచారమంతా నీ బండి మీదనే చేస్తాండా. నా మాట ప్రతి గడపకూ ఇనబడల్ల. బాగ జరిపిస్తే నాగవేణి సంగతి నీతోనే మాట్లాడతా. లేదంటావా, గోరంట్లోళ్ళకు కబురు పంపిస్తా."

నేను ఫోనులో బాగా చదువుకున్నాకే కొట్టుకు పోయాను. బండిలో ఏళ్ళ తరబడి ఉంచుకునే జనరేటరు తేలికగా ఉండాలి, పెట్రోలు తక్కువ తాగాలి, పొగ బయటికి పోయే దారి ఉండాలి, అన్నింటికన్నా ముఖ్యం, మోత ఉండకూడదు. అంతా కంఠతా పట్టాను. చేసిన తప్పల్లా ఒక్కటే, తోడుగా నాయనను తీసుకుపోయాను.

మా నాయన సంగతి చెప్పాలి. మా బావి మీద ఒకప్పుడు డీజిలు ఇంజను ఉండేది. దాని మోత నాలుగు చేన్ల అవతలికి వినబడేది. మోత వినబడుతోందంటే నీళ్ళు పారుతున్నట్టే. నాయన పార పట్టుకుని మడవలు తిప్పి నీళ్ళు మళ్ళిస్తుంటే, నేను కాలువలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడిని. ఆ చల్లదనం నా అరికాళ్ళకు ఇంకా గుర్తుంది. బావి ఎండిపోయింది, ఇంజను పాతసామాను కొట్టుకు పోయింది, నాయన చెవి మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆయన దృష్టిలో మోత లేని యంత్రం పాలివ్వని బర్రె.

కొట్టువాడు పెట్టెలాంటి జనరేటరు ఒకటి తెచ్చి, "మీ బండికి ఇది సరిపోతాదన్నా," అని తాడు లాగాడు. నాయన చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. కాసేపయ్యాక, "ఇంక ఆడించప్పా," అన్నాడు.

"ఆడతాండాది పెద్దాయనా."

"యాడ ఆడతాండాది?"

"ఇదో, బల్బు వెలగతాండాది చూడు."

నాయన వంగి చెవి ఆనించాడు. గుమ్మడికాయను తట్టినట్టు రెండుసార్లు తట్టాడు. "దీనికి పానం బాగలేదురా," అన్నాడు నాతో. "మూలగతాండాది. ఇట్లాటిది నాలుగు దినాలు గూడా ఉండదు. ఆ మూలనుండేది చూపించమను."

"అది బండికి పనికిరాదు పెద్దాయనా. పెండ్లి పందిట్లో లైట్లకు, దూరంగా పెట్టి ఆడిస్తారు," అంటూనే కొట్టువాడు దాని తాడు లాగాడు. బీరువా అద్దాలు గడగడలాడాయి. వీధిలో పడుకున్న కుక్క లేచి వేరే వీధికి పోయింది. నేను నాయన మొహం చూశాను. కళ్ళు సగం మూసుకుని తల ఆడిస్తున్నాడు. ఎన్నేళ్ళయిందో ఆ మొహంలో ఆ వెలుగు చూసి.  ఫోనులో చదివిందంతా గాలికి పోయింది.

"ఇదే ఇయ్యప్పా," అన్నాను.

"బండిలో పెట్టుకోని ఏం పని చేస్తావన్నా?"

"మైకులో చెప్తా."

కొట్టువాడు వెంటనే బిల్లు పుస్తకం తీశాడు. వ్యాపారస్తుడు గదా.

ఇంటికొచ్చి, నాయన దగ్గరుండి దాన్ని వ్యాను నేలకు బోల్టులతో బిగించాడు. ఒకరోజు జనరేటరు ఆడించి చూశాం, భేషుగ్గా ఉంది. మరునాడు బ్యాటరీ మీద మైకు ఆడించి చూశాం, అదీ భేషుగ్గా ఉంది. పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ విడివిడిగా చూసి, జాతకాలు కలిశాయని తేల్చేశాం.

ప్రచారం మొదటిరోజు పొద్దున్నే మామ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బండెక్కాడు. తాడు లాగాను. మామ మైకు పట్టుకుని నోరు తెరిచాడు. నోరు కదులుతోంది, చెయ్యి ఊగుతోంది, బండి కూడా ఊగుతోంది. మాట మాత్రం లేదు.

"సౌండు పెంచప్పా," అని నా చెవిలో అరిచాడు. పెంచాను. స్పీకర్లు కీచుమన్నాయి. అయినా జనరేటరుదే పైచేయి. తన మాట తనకే వినబడకపోయినా మామ ఆగలేదు, రాజకీయాల్లో అది పెద్ద లోటు కాదు గదా.

ఆ ఊళ్ళో ఎండాకాలం నీళ్ళ ఏర్పాటు ఒకటుంది. ట్యాంకరు వచ్చి ఊరి బయట సంపులో నీళ్ళు పోసి పోతుంది. సంపు మీది ఇంజను ఆడిస్తే వీధి కొళాయిల్లోకి నీళ్ళు వస్తాయి. ఆ ఇంజను మోతా, నా జనరేటరు మోతా కవల పిల్లలు. మోత వినబడగానే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని కొళాయిల దగ్గరికి పరిగెత్తారు. అక్కడ చుక్క లేదు. మోత ఎక్కడ ఉందా అని వెతుక్కుంటూ మా బండి దగ్గరికి వచ్చి, వెనక వరుసగా బిందెలు పెట్టారు.

మామ ఛాతీ ఉబ్బించి నా చెవిలో అరిచాడు. "చూస్తివా, ఆడోళ్ళే కదిలొచ్చినారు."

రామక్క అనే ముసలామె ముందుకొచ్చి, పైపు యాడ అన్నట్టు చెయ్యి తిప్పి ఏదో అడిగింది. మామకు వినబడలేదు. నవ్వుతూ రెండు చేతులూ జోడించి తల ఊపాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఇంకా గట్టిగా ఊపాడు. అప్పుడు నేను భయపడి జనరేటరు ఆపేశాను.

"నీళ్ళు ఇప్పుడే ఇడుస్తావా అంటే ఊ అంటివి గదా," అంటోంది రామక్క. "ఇడువు మల్ల."

"నేనెప్పుడంటిని?" అన్నాడు మామ.

బిందెల వరుసలోంచి ఒక గొంతు లేచింది. చూస్తే, చంకలో బిందెతో నాగవేణి. "రెండుసార్లు తల ఊపితివి నాయనా. అందరూ చూసినారు."

సొంత కూతురే సాక్ష్యం చెప్పాక ఇక చేసేదేముంది? మామ అప్పటికప్పుడు ట్యాంకరు తెప్పించాడు. మరునాడు ఇంకో వీధికి పోయాం, అక్కడా అదే వరుస, అక్కడా ట్యాంకరు. ప్రచారం అయిపోయేదాకా మామ ఒక్క మాటా చెప్పలేదు, నీళ్ళు మాత్రం తోలాడు. నా వైపు చూస్తే గోరంట్ల లారీ కనబడేది ఆయన కళ్ళలో. నాకు కూడు సయించలేదు.

మామ గెలిచాడు. మెడలో దండలు తీయకముందే నన్ను పిలిచాడు.

"గెలిపించినానని అనుకోవద్దు అల్లుడూ, ఇరికించినావు. పదవి ఉన్నంత కాలం ఈ ఊరికి నేను నీళ్ళు తోలల్ల. ఒక్కనితో అయ్యే పనేనా? గోరంట్లోడు బోరేసి పోతాడు, నీళ్ళు పడకుంటే మల్ల ఈ దిక్కుకే రాడు. నువ్వు తప్పు చేసినోనివి, యాడికీ పోలేవు. నాగవేణిని చేసుకోని ఈడనే పడుండు."

పిల్లనిచ్చి శిక్ష వేసిన న్యాయం మీరెక్కడైనా విన్నారా? నేను మాత్రం ఆ శిక్షకు ఏడ్చినంత పని చేశాను, సంతోషంతో.

స్పీకర్లు దించేశాం. వ్యానులో నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఎక్కించి, జనరేటరుకు చిన్న మోటారు తగిలించాం. నాయన మా దగ్గరికి వచ్చినప్పుడు బండి పక్కనే అరుగు మీద కూర్చుంటాడు. మోత మొదలవుతుంది, పైపులో నీళ్ళు దూకుతాయి. ఆయన కళ్ళు సగం మూసుకుంటాడు. నాకు ఆ బావీ, కాలువా, తడిసిన కాళ్ళూ అన్నీ గుర్తొచ్చి కళ్ళు నిండుతాయి.

అయినా తప్పు తప్పే. పోయిన వారం నాగవేణి మిక్సీ కొనడానికి కొట్టుకు పోతూ, నేను వద్దంటున్నా వినకుండా, నాయనను వెంట తీసుకుపోయింది. ఇప్పుడు మా ఇంట్లో చట్నీ వేస్తే వీధిలోకి బిందెలు వస్తున్నాయి. అందుకని మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా బొందిలో ప్రాణం ఉండగా మా ఇంటికి మోటారున్న వస్తువేదీ కొనను, కొననివ్వను. పచ్చడి రోట్లో నూరుకుంటాం, నూరేది నేనే.