హద్దురాయి దగ్గర పోయిన లైసెన్సు

లారీ స్టీరింగు పట్టినవాడికి తహసీల్దారుకున్నంత మర్యాద దక్కిన కాలం ఒకటుండేది. నాకది సరిగ్గా పదకొండు రోజులు దక్కింది. మిర్యాలగూడలో మా మేనమామకు ఒక పాత లారీ ఉండేది. మూడోసారికి పరీక్ష గట్టెక్కాను గనుక (మొదటి రెండుసార్లూ దేన్ని గుద్దానో ఇప్పుడెందుకు లెండి) ఆయన నన్ను నమ్మి, ఖాళీ లారీ ఇచ్చి, కోదాడ మీదుగా జగ్గయ్యపేటకు బయల్దేరదీశాడు. తానూ పక్కన కూర్చున్నాడు. హైదరాబాదు సంస్థానం అయిపోయి మద్రాసు రాష్ట్రం మొదలయ్యే చోట, ఎదురొచ్చిన ఎడ్లబండిని తప్పించబోయి దాని చక్రం విరగ్గొట్టాను. బండి తోలే ముసలాయనకూ ఎడ్లకూ ఏమీ కాలేదు. కానీ లారీ ముందు చక్రాలు హద్దురాయికి అవతల, వెనక చక్రాలు ఇవతల ఆగాయి.

ఇవతలి పోలీసు జమేదారు వచ్చి నా లైసెన్సు లాక్కున్నాడు. "గుద్దింది గాడ, కేసు మాది గాదు. లైసెన్సు మాది, గిది నా దగ్గర్నే ఉంటది," అన్నాడు. అవతలి హెడ్డు కానిస్టేబులు, "కేసు మాదేనండి. లైసెన్సు చూడందే కదలనివ్వను," అన్నాడు. జమేదారు దాన్ని దూరం నుంచి చూపించాడు. అది ఉర్దూలో ఉంది. హెడ్డు తల అటు వంచి ఇటు వంచి, "ఇందులో మీ పేరెక్కడుందండి?" అని నన్నే అడిగాడు.

ఎండ నడినెత్తికెక్కింది. నాకు ఏడుపొచ్చింది. చివరికి ముసలాయనే లేచి, "పిలగాడు బెదిరిండు సార్. నాకు ఫిర్యాదేం లేదు, ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు.

"లేదని రాయాలంటే ముందు ఉందని రాసుకోవాలి కదయ్యా," అన్నాడు హెడ్డు.

"ఏ ఠాణల రాస్తరో ముందుగాల గది తేల్చుండ్రి," అన్నాడు జమేదారు.

పొద్దు వాలేసరికి తేలిందేమంటే, లారీ నేను తోలకూడదు, అదక్కడ ఉండనూ కూడదు. మామకు తోలడం రాదు. ముసలాయన తన ఎడ్లను తెచ్చి లారీకి కట్టాడు. ఎడ్లకు లైసెన్సు అడిగే చట్టం ఇద్దరికీ దొరకలేదు. మామ స్టీరింగు పట్టుకుని, నా మొహం చూడకుండా, "ఇగ నువ్వు నడుసుకుంటనే రా," అన్నాడు. విరిగిన చక్రం భుజాన వేసుకుని, కళ్లు తుడుచుకుంటూ, వడ్రంగి ఉన్న ఊరిదాకా లారీ వెనకే నడిచాను.

లైసెన్సు కోసం సూర్యాపేట పోతే కోదాడలో ఉందన్నారు. కోదాడ పోతే అవతలికి పంపామన్నారు. అది మళ్లీ నా చేతికి రాలేదు, మామ లారీ కూడా. బడిపంతులునై రిటైరయ్యాను. ఇప్పుడు ఆ దారిన బస్సులో పోతుంటే, చక్రం మోస్తూ నడిచిన ఆ ఇరవై ఏళ్లవాడిని ఎక్కించుకుందామనిపిస్తుంది. ఎక్కితే మాత్రం వాడు డ్రైవరు సీటే అడుగుతాడు.