దెబ్బ ఓర్వని ఇనుము

అది సోమవారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. లింగాల దగ్గర మా చేన్ల, బోరు కాడ తడి పైపు పట్టుకొని నా భార్య బిగుసుకపోయింది.

షాక్ కొడితే కరెంటును తానే ఆపే డబ్బా ఒకటి మోటారుకు పెట్టించినం. ముందురోజు అది నా చేతులకెల్లి జారి కింద పడ్డది. ఇప్పి చూస్తే లోపల సన్న రేకు చుట్టిన ఉంగరం వంకరపోయింది. సుత్తె తీసిన.

"మెకానిక్‌ను పిలువరాదయ్యా. అన్నిటికీ నీ సుత్తేనా?" అన్నది నా భార్య.

"కమ్మరోనికి ఇనుము గుణం నువ్వు చెప్తవా?" అన్న. సాపు చేసి బిగించిన. పనిచేస్తుందో లేదో చూసే మీట డబ్బా మీదనే ఉంటది, అది నొక్కి పరీక్ష చెయ్యలే.

తెల్లారి ఆ డబ్బా కరెంటు ఆపలే. మా తమ్ముడు ఉరికొచ్చి ఫ్యూజు పీకిండు. ఛాతీ ఒత్తిన, అరికాళ్లు రుద్దిన, లెవ్వమని మొక్కిన. ఆమె పలుకలే.

తర్వాత మెకానిక్ చెప్పిండు. ఆ ఉంగరం రేకు నికెల్ కలిపిన ఇనుమట. పిసరంత కరెంటు దారి తప్పినా అయస్కాంతమై పసిగడతది. దెబ్బ తగిలితే ఆ గుణం పోతదట. నేను బతుకంతా ఇనుమును దెబ్బలతోనే బాగుచేసిన.

కరెంటు చంపిందని ఊరు అంటది. కాదు. ఆనాడు పైపు పట్టింది నా భార్య, ఫ్యూజు పీకింది మా తమ్ముడు, ముందురోజు సుత్తె పట్టింది నేను.